మంచు మీద హాకీ - మన సంఘం ఖాళీ స్థలం

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కర్నూలులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు 20 నిమిషాలు ఇచ్చారు. ఆహ్వానపత్రంలో నా పేరు పక్కన ‘కెనడా ప్రయాణ విశేషాలు’ అని వేయించారు. నయాగరా జలపాతం గురించి చెబుతాడని వచ్చినవారు నన్ను మన్నించాలి. నేను ఉన్న ఊరికి నయాగరా ఎంత దూరమంటే, మన కర్నూలు నుండి కాశీకి పోవడం దానికంటే చాలా సులువు. నేను చూసినది జలపాతం కాదు. చిన్నపిల్లల ఆట ఒకటి చూశాను, ఆ ఆట చుట్టూ అల్లుకున్న ఒక వాడకట్టు సంఘాన్ని చూశాను. ఆ రెండింటి గురించే మనవి చేస్తాను. ఎందుకంటే భోజనాల తరువాత మన అజెండాలో 6వ అంశంగా, మన భవనం వెనుకనున్న ఖాళీ స్థలం సంగతి రాబోతున్నది. నా ప్రసంగం చివరకు అక్కడికే వస్తుందని ముందే చెప్పేస్తున్నాను. దాచి చెప్పే అలవాటు నాకు లేదు.

నేను, మా ఇంటావిడ 2023 నవంబరులో మా అబ్బాయి దగ్గరకు ఎడ్మంటన్ వెళ్లాము. అది ఆల్బెర్టా రాష్ట్రానికి రాజధాని. మన కర్నూలు కూడా 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు చివరిదాకా ఒక రాష్ట్రానికి రాజధానే కదా, ఆ లెక్కన రాజధాని నుండి రాజధానికే పోయినాను అనుకున్నాను. పోలిక అంతటితో సరి. మే నెలలో మన ఓర్వకల్లు బండల మీద 44 డిగ్రీల ఎండలో తిరిగిన మనిషిని నేను. 2024 జనవరి నడిమిలో అక్కడ మైనస్ 40 దాటింది. వాకిలి తెరిస్తే ముక్కులోని తడి గడ్డకట్టినట్టు అనిపించేది. ‘నాయనా, తలుపు వేయండి’ అని మా అబ్బాయి కేకవేస్తే తప్ప, అట్లాగే నిలబడి చూసేవాడిని.

అంతటి చలిలో మా మనవడు, తొమ్మిదేళ్లవాడు, తనకంటే పెద్ద సంచి మోసుకొని ఆటకు పోయేవాడు. ఆ ఆట పేరు ఐస్ హాకీ.

మనకు తెలిసిన హాకీ వేరు. 1964 అక్టోబరు 23న టోక్యోలో మనవాళ్లు పాకిస్తాన్‌ను 1-0 తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచినప్పుడు నాకు 14 ఏళ్లు. పంచాయతీ రేడియో చుట్టూ మూగినాము. వ్యాఖ్యానం ఒక్క ముక్క అర్థం కాలేదు. మోహిందర్ లాల్ గోలు వేసినాడని మా డ్రిల్లు మాస్టారు అరిచి చెబితే మేమూ అరిచినాము. మరుసటి రోజు నుండి వంకర తిరిగిన చింతకొమ్మలు, తుమ్మకొమ్మలు వెదికి స్టిక్కులుగా చేసుకున్నాము. గోనెపీలికలు ఉండగా చుట్టి, పైన పురికొస బిగిస్తే అదే బంతి. ఇక్కడ కూర్చున్నవారిలో ఆ బంతి దెబ్బ మోకాలి చిప్పకు తగిలినవారు కనీసం పదిమంది ఉంటారని నా నమ్మకం.

మంచు హాకీలో ఒక్కో పక్షానికి 11 మంది కాదు, గోల్‌కీపరుతో కలిపి ఆరుగురే ఒకేసారి ఆడతారు. కాళ్లకు ఇనుప కత్తులు బిగించిన బూట్లు. బంతికి బదులు నల్లని రబ్బరు బిళ్ల, దాన్ని ‘పక్’ అంటారు. మూడు అంగుళాల వెడల్పు, అంగుళం మందం. రొట్టె చేసే ముందు మన ఆడవారు జొన్నపిండి ముద్దను అరచేతిలో తట్టి పెడతారే, అంత ఉంటుంది. ఎగిరి పడకుండా ఉండేందుకు ఆటకు ముందు దాన్ని ఫ్రిజ్‌లో గడ్డకట్టిస్తారు. మైదానం పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. నేను గుమాస్తాను గనుక వెంటనే లెక్కకట్టినాను: 17 వేల చదరపు అడుగులు, అంటే మన లెక్కలో సుమారు 39 సెంట్లు. ఈ 39 సెంట్లు అనే మాట మీరు దయచేసి గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం వస్తుంది. మరీ చిన్నపిల్లలను మొత్తం మైదానంలో ఆడించరు, సగంలోనే ఆడిస్తారు. పెద్దల ఆటలో ఒకరినొకరు భుజంతో గుద్దుకోవడం ఉంది గాని, 13 ఏళ్ల లోపు పిల్లల ఆటలో 2013 నుండి దానిని నిషేధించినారు.

మన దేశంలో ఈ ఆట లేదనుకోకండి. లడాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు. మన దేశపు ఆడపిల్లల జట్టు 2025లో ఆసియా కప్పులో కాంస్య పతకం తెచ్చింది. వారిలో ఎక్కువమంది ఆ లడాఖ్ పిల్లలే. చెరువే వారికి మైదానం.

ఇక అసలు సంగతికి వస్తాను. మా అబ్బాయి ఎడ్మంటన్ చేరి అప్పటికి ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో అతనికి పక్కింటివారి పేరు తెలియదు. ఉగాదికి, సంక్రాంతికి తెలుగువారంతా ఎక్కడో ఒకచోట చేరి ముగ్గులు, పులిహోర, పాటలతో ఒక పూట గడిపి ఎవరి ఇళ్లకు వారు పోవడమే. అది తప్పని నేను అనను. కాని వాడకట్టులో మాత్రం పలకరించే దిక్కు లేదు. పిల్లవాడు హాకీలో చేరిన తరువాత ఆ పరిస్థితి మారిపోయింది.

అక్కడ ప్రతి పేటకూ ఒక సంఘం ఉంటుంది. కమ్యూనిటీ లీగ్ అంటారు. ఆ ఊరిలో మొదటిది 1917లో పుట్టింది. 1921లో అవన్నీ కలిసి ఒక సమాఖ్య కట్టుకున్నాయి. ఇప్పుడు అటువంటివి 160 దాకా ఉన్నాయి. స్థలం నగరపాలక సంస్థది, హాలు కట్టుకొని నడుపుకొనే పూచీ పేటవారిది. ఏటా స్వల్ప చందా కట్టినవారు సభ్యులు. హాలులో పెండ్లి విందులు, ముసలివారి చీట్లపేక, పసిపిల్లల బడి, ఎన్నికల సమావేశాలు అన్నీ జరుగుతాయి. హాలు పక్కన చలికాలం మంచు మైదానం. ఆ సంవత్సరం మా తెలుగువారి సంక్రాంతి కూడా అటువంటి ఒక హాలులోనే జరిగింది. పిల్లల హాకీ జట్లకు వేరే సంస్థలు ఉన్నా, పేట మైదానంలో బూట్లు కట్టుకొని పడుతూ లేస్తూ నేర్చుకోనిదే ఎవరూ జట్టుదాకా పోరు.

ఈ మంచు మైదానం ఎట్లా తయారవుతుందో చూసి నేను నిర్ఘాంతపోయినాను. చుట్టూ చెక్కలు నిలబెట్టి, రాత్రి చలి ముదిరినాక రబ్బరు గొట్టంతో నీళ్లు చల్లుతారు. పలుచగా ఒక పొర, అది గడ్డకట్టినాక ఇంకొక పొర. ఇట్లా ఎన్నో రాత్రులు. యంత్రాలతో తయారుచేసే మైదానాలు పెద్ద భవనాలలో వేరే ఉన్నాయి. పేట మైదానానికి మాత్రం మనుషులే. జీతం లేదు, భత్యం లేదు. మా పేటలో ఆ పని చూసేది 70 దాటిన ఒక పెద్దాయన, తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాడు. రాత్రి పది గంటలకు వచ్చి, నీళ్లు పట్టి, పన్నెండుకు ఇంటికి పోయేవాడు.

ఒకరాత్రి మా అబ్బాయి వంతు వస్తే నేనూ వెంట పోయినాను. ఆ పెద్దాయన గొట్టం నా చేతికి ఇచ్చినాడు. సభికులారా, నేను తుంగభద్ర ఒడ్డున పుట్టి కూడా వేసవిలో బిందె నీళ్లకు వరుసలో నిలబడినవాడిని. కె.సి. కాలువలో నీళ్లు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసిన రైతు ఇంటివాడిని. అటువంటి నాకు, నేలమీద ఊరికే నీళ్లు పారబోస్తుంటే చెయ్యి వణికింది. చలికి కాదు. ‘ఎవరి కోసం ఇంత నీళ్లు?’ అని అడిగినాను. నా ఇంగ్లీషు మీకు తెలుసు, ‘మీ లేఖ అందినది’ తరహా ఇంగ్లీషు. ఆయనకు అర్థమైంది. వాళ్ల పిల్లలు పెద్దవాళ్లై వేరే ఊళ్లలో స్థిరపడినారట. మనవళ్లు ఎవరూ ఆ పేటలో లేరట. ‘ఎవరో ఒకరి పిల్లలు పొద్దున వస్తారు కదా’ అన్నాడు. అంతకంటే ఏమీ చెప్పలేదు. ఇద్దరం పెన్షనర్లమే గనుక తరువాత మాట పెన్షన్ మీదికి, మోకాళ్ల నొప్పుల మీదికి పోయింది.

నాకూ ఒక పని ఇచ్చినారు. పిల్లల కాళ్లు ఏటా పెరుగుతాయి, బూట్లు పెరగవు. అందుకని ఒక ఆదివారం హాలులో పాత బూట్లు, తలపాగాల వంటి రక్షణ టోపీలు తెచ్చి మార్చుకుంటారు. తీసుకొన్నవి, ఇచ్చినవి రాసేందుకు మనిషి కావాలన్నారు. నేను తెల్లకాగితాల పుస్తకం తీసుకొని వరుస సంఖ్య, తేదీ, పేరు, కొలత, ఇచ్చినది, పుచ్చుకొన్నది, సంతకం, రిమార్కులు అని ఎనిమిది గడులు గీసినాను. వాళ్లు మొదట నవ్వినారు. సాయంత్రానికి ఒక్క జత కూడా తేడా రాలేదు. మరుసటి సంవత్సరం కూడా అవే గడులు గీసినారని మా అబ్బాయి ఫోనులో చెప్పినాడు. 36 ఏళ్ల సర్వీసులో నాకు రాని ప్రశంసాపత్రం అదే అనుకుంటాను.

తల్లిదండ్రుల పని అంతటితో తీరదు. జట్టులో చేర్చేటప్పుడే కొంత సొమ్ము డిపాజిట్ చెక్కుగా తీసుకుంటారు. ఇన్ని గంటలు సంఘం పని చేస్తే చెక్కు వాపసు, చేయకపోతే సొమ్ము సంఘానికి. గడియారం చూడటం, తలుపు తీయడం, కాఫీ అమ్మడం, ఏదో ఒకటి. అన్నిటికంటే విచిత్రం ఇంకొకటి ఉంది. ఆ రాష్ట్రంలో సేవాసంఘాలకు కాసినో లైసెన్సు ఇస్తారు. అంటే జూదశాలలో రెండు రోజులు సంఘం మనుషులు జీతం లేకుండా పనిచేస్తే, లాభంలో వాటా సంఘానికి వస్తుంది. మా అబ్బాయి ఒకరాత్రి రెండు గంటలకు ఇంటికి వచ్చినాడు. ‘ఎక్కడికి పోయినావురా?’ అంటే ‘కాసినోకు నాయనా, పిల్లల హాకీ కోసం’ అన్నాడు. వాళ్లమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. ప్రొద్దుటూరులో పుట్టిన మా కోడలు నవ్వి, ‘అత్తా, ఆయన ఆడలేదు, బిళ్లలు లెక్కపెట్టినాడు’ అని చెప్పాల్సి వచ్చింది. ఈ పద్ధతి మంచిదా చెడ్డదా అన్నది నేను తేల్చలేను. జూదం సొమ్ముతో పిల్లల ఆట ఏమిటని మా ఇంటావిడ ఈనాటికీ అంటుంది.

అక్కడ అంతా స్వర్గమని చెప్పడానికి నేను రాలేదు. ఆ ఆట ఖర్చు మామూలు మనిషికి మోయరానిది. దాతల నిధులు ఉన్నా అందరికీ అందవు. తలకు దెబ్బలు తగలడం ఉంది. తెల్లవారుజామున ఐదున్నరకు సాధన పెడితే పిల్లవాడికంటే తండ్రికి నిద్రమత్తు ఎక్కువ. ఇక గ్యాలరీలో తల్లిదండ్రుల కేకలు విన్నాక మన ఎడ్లబండ లాగుడు పోటీల దగ్గర జనమే నయమనిపించింది. అందుకే ప్రతి ఇంటినుండి తల్లో తండ్రో ఒకరు, ఆటలో మర్యాద గురించిన పాఠం ఒకటి కంప్యూటరులో పూర్తిచేయాలని నియమం పెట్టినారు. పెద్దవారికి బడి పెట్టి పిల్లవాడిని ఆడనిస్తారన్నమాట.

కాని ఆ ఆటకు ఊరికి ఉన్న ముడి ఎటువంటిదో ఒక్క సంగతి చెబుతాను. 2018 ఏప్రిల్ 6న పక్క రాష్ట్రమైన సస్కచెవాన్‌లో హంబోల్ట్ అనే చిన్న ఊరి కుర్రవాళ్ల జట్టు పోతున్న బస్సు లారీని ఢీకొని 16 మంది చనిపోయినారు. ఆ వారంలో దేశమంతటా జనం తమ వాకిళ్ల ముందు ఒక్కొక్క హాకీ స్టిక్కు నిలబెట్టినారట. ఎప్పుడైనా పిల్లలకు అవసరమవుతుందేమో అన్నట్టు, గుమ్మం దగ్గర, దీపం వెలిగించి. మా అబ్బాయి కూడా పెట్టినాడట. ‘నీకు వాళ్లెవరో తెలియదు కదరా’ అన్నాను. ‘పిల్లలు కదా నాయనా’ అన్నాడు.

సరే, మన ఊరికి వద్దాము.

మనవాళ్లకు సంఘాలు కట్టడం చేతకాదని నేను ఒప్పుకోను. వినాయకచవితి వచ్చిందంటే కర్నూలులో ఏ సందు చూసినా యువకుల సంఘమే. చందా పుస్తకాలు అచ్చవుతాయి, పందిరి లేస్తుంది, కరెంటు, మైకు, ప్రసాదం, ఊరేగింపు అన్నీ క్రమంగా జరుగుతాయి. పీర్ల పండుగకు హిందువులు, ముస్లిములు కలిసి నిలబడే ఊళ్లు మన రెండు జిల్లాల్లో ఎన్నో. ఇంత సామర్థ్యం ఉన్న కుర్రవాళ్లే వీళ్లు. అయితే చివరి రోజు కె.సి. కాలువ దగ్గర వినాయకుడితో పాటు ఆ సంఘమూ నిమజ్జనమైపోతుంది. తక్కిన రోజులకు కూడా సంఘం నిలవాలంటే రోజూ సాయంత్రం చేరడానికి ఒక కారణం, చేరడానికి ఒక చోటు ఉండాలి. పిల్లల ఆటకంటే మంచి కారణం నాకు తోచలేదు.

ఆటకు మన సీమ నేల పనికిరాదని కూడా అనలేము. పాత చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె నుండి వచ్చిన గోల్‌కీపరు ఇటిమార్పు రజని భారత మహిళల హాకీ బృందంతో టోక్యో ఒలింపిక్స్‌కు పోయింది. 2021లో జరిగిన ఆ పోటీలలో మన మహిళలు నాలుగో స్థానంలో నిలిచినారు. అనంతపురంలో ఆర్డీటీ వారి క్రీడా గ్రామంలో పల్లెపిల్లలు స్టిక్కులు పట్టి ఆడుతున్నారు. కడపలో క్రీడా పాఠశాల ఉంది. కాని ఇవన్నీ ఎంపికైన పిల్లలకు. ఎంపిక కాని పిల్లవాడు సాయంత్రం ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు నేను ఒక విషయం ఒప్పుకోవాలి. యాభై ఏళ్లుగా నా లోపలే ఉంచుకున్నాను.

1975 మార్చి 15న కౌలాలంపూర్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ను 2-1తో ఓడించి ప్రపంచ కప్పు గెలిచినారు. ధ్యాన్‌చంద్ కుమారుడు అశోక్ కుమార్ గెలుపు గోలు వేసినాడు. ఆ ఊపులో, ఈ రెండు జిల్లాల్లోని ఒక ఊరిలో కొందరు కుర్రవాళ్లు ఒక హాకీ సంఘం పెట్టదలచినారు. ఊరి పక్కన ఖాళీ నేల ఉంది. సంఘం రిజిస్టరైతే ఆ నేలను ఆటకు అడుగుదామని వారి ఆలోచన. నేను అప్పుడు అటువంటి కాగితాలు పరిశీలించే ఒక కార్యాలయంలో గుమాస్తాను. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషను చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులు చాలు. వారిలో ఒకనికి 18 నిండలేదు. వాపసు చేసినాను. రెండోసారి వయసు సరిచేసుకొని వచ్చినారు. నియమావళి ప్రతిమీద పాలకవర్గంలోని ముగ్గురు సరియైన నకలని ధృవీకరించాలి, ఇద్దరే చేసినారు. మళ్లీ వాపసు. మూడోసారి చిరునామాలు అసంపూర్తి అన్నాను. నాలుగోసారి వారు రాలేదు.

నేను చట్టం తప్పలేదు. ఒక్కొక్క ఆక్షేపణా న్యాయమైనదే. కాని మూడు లోపాలూ మొదటి రోజే నా కంటికి కనిపించినాయి. మూడూ ఒకే కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే వారంలో పని అయిపోయేది. ఎందుకు రాయలేదు? ఎవరూ నన్ను రాయమని చెప్పలేదు గనుక. కుర్రవాళ్లు కాస్త బిగ్గరగా మాట్లాడినారు గనుక. నా బల్ల ముందు ఎవరైనా మూడుసార్లు నిలబడితే నాకు కొంచెం గొప్పగా ఉండేది గనుక. ఇదీ నిజం. ఆ నేలమీద తరువాత గోదాములు లేచినాయి. అడిగేందుకు ఒక రిజిస్టరైన సంఘం లేకపోయింది.

ఆ కుర్రవాళ్లలో ఒకడిని కొన్నేళ్ల క్రితం బ్యాంకులో చూసినాను. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేందుకు వచ్చినాడు. ఆయనా మనలాంటి పెన్షనరే అయినాడు. నన్ను గుర్తుపట్టలేదు. యంత్రంమీద వేలిముద్ర పడకపోతే నేనే సాయం చేసినాను. ‘చాలా ఉపకారం సార్’ అన్నాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి బయటికి వచ్చేసినాను.

ఈరోజు మనం ఎందుకు ఈ పండుగ చేసుకుంటున్నామో మీకు తెలియనిది కాదు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నకారా కేసులో తీర్పు ఇచ్చింది. పెన్షన్ ప్రభుత్వం దయతలచి వేసే భిక్ష కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని చెప్పింది. ఆ కేసులో పిటిషనర్లు ముగ్గురు. ఇద్దరు రిటైరైన ఉద్యోగులు. మూడవది మనిషి కాదు, ఒక సంఘం. 1860 చట్టం కిందనే రిజిస్టరైన సొసైటీ. దానికి కోర్టుకు వచ్చే అర్హత లేదని ఎదుటి పక్షం వాదించినా న్యాయస్థానం ఒప్పుకోలేదు. ఆ సొసైటీ కాగితాలు నావంటి గుమాస్తా బల్లమీదికి వచ్చి, మూడుసార్లు వాపసు అయి ఉంటే ఏమయ్యేదో అని ప్రతి డిసెంబరు 17న నేను అనుకుంటూ ఉంటాను.

ఇక 6వ అంశం. మన భవనం వెనుక 20 సెంట్ల ఖాళీ స్థలం. రోజూ సాయంత్రం 30, 40 మంది పిల్లలు అక్కడ ఆడుతున్నారు. కబడ్డీ, క్రికెట్, ఏది దొరికితే అది. పోయిన నెల బంతి తగిలి మన హాలు కిటికీ అద్దం పగిలింది. స్థలం చుట్టూ గోడ కట్టి, ఐదు దుకాణాలు లేపి అద్దెకు ఇద్దామని ప్రతిపాదన. ప్రతిపాదించినవారి ఉద్దేశం మంచిదే. భవనం మరమ్మతులకు డబ్బు లేదు. మందుల బిల్లులు రావడం ఆలస్యమైనప్పుడు సభ్యులకు చేబదులు ఇచ్చే నిధి అడుగంటింది. అద్దెలు వస్తే కొందరు వృద్ధులకు నిజంగా మేలు జరుగుతుంది. దీన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. మందుల బిల్లు కోసం ఎదురుచూడటం ఏమిటో నాకూ అనుభవమే.

అయినా నా మనవి ఇది. రింక్ 39 సెంట్లు అన్నాను, చిన్నపిల్లలకు అందులో సగం చాలన్నాను. మన 20 సెంట్లు దాదాపు ఆ సగం. వీధివైపు అంచున రెండు దుకాణాలు కట్టుకుందాము, తక్కిన స్థలం పిల్లలకు వదులుదాము. దుకాణాలు ఐదు కాకుండా రెండే అయితే అద్దె తగ్గుతుంది, నిజమే. ఆ లోటులో కొంత నేను చెప్పబోయే పద్ధతితో పూడవచ్చు, అంతా పూడుతుందని మాట ఇవ్వలేను.

పిల్లల తల్లిదండ్రులు ఏడుగురిచేత ఒక సంఘం పెట్టిద్దాము. ఇప్పుడు మనకు 2001 నాటి రాష్ట్ర చట్టం ఉంది. ఆ చట్టానికీ ఏడుగురే చాలు. కాగితాలు నేను తయారుచేస్తాను. లోపాలు ఎన్ని ఉన్నా ఒకేరోజు, ఒకే కాగితం మీద చెబుతాను. ప్రతి ఇంటినుండి కొద్దిపాటి డిపాజిట్ తీసుకుందాము. నెలకు రెండు గంటలు మన భవనం పని, అంటే ఊడ్చడమో, సున్నం వేయడమో, మన సభ్యుణ్ణి ఆస్పత్రికి తీసుకుపోవడమో చేసినవారికి ఏడాది చివర వాపసు. చేయనివారి సొమ్ము మన సహాయనిధికి. అద్దం పగిలితే ఖర్చు ఆ సంఘానిది. సాయంత్రం ఐదు నుండి ఏడుదాకా మనలో ఇద్దరు వంతులవారీగా కుర్చీ వేసుకొని కూర్చుందాము. ఆడపిల్లలకు వారంలో రెండు రోజులు స్థలం ప్రత్యేకంగా ఉండాలి. ఇప్పుడు వాళ్లు గోడవారన నిలబడి చూస్తున్నారు. ఏటా ఈరోజున లెక్కలు ఈ వేదికమీదే చదివించాలి. రెండేళ్లు చూద్దాము. బాగుపడకపోతే గోడ కట్టడానికి మొదటి ఇటుక నేనే మోస్తాను.

కుర్చీలో మొదటి నెల వంతు నాది. కిటికీ అద్దానికి, పిల్లల సామానుకు నా తరఫున 5 వేల రూపాయలు కోశాధికారిగారికి ఈ ఉదయమే ఇచ్చినాను. కరువుభత్యం బకాయిలు వచ్చినాక ఇస్తానని చెప్పి ఉంటే ఆయన నమ్మేవారు కాదు, నేనూ నమ్మేవాడిని కాదు.

ఆ ఎడ్మంటన్ పెద్దాయన చలికాలమంతా చల్లిన మంచు ఏప్రిల్‌కు కరిగి కాలువలో కలిసిపోయి ఉంటుంది. మళ్లీ నవంబరులో గొట్టం పట్టుకొని వచ్చి ఉంటాడు. మన నేల కరిగేది కాదు. ఒకసారి ఇస్తే నిలబడి ఉంటుంది, ఒకసారి గోడ కడితే అదీ అట్లాగే నిలబడి ఉంటుంది. ఇది మాత్రం ఆలోచించి చేతులెత్తండి. ఓటు ఎటు పోయినా నేను మీ సభ్యుడినే, చందా సకాలంలో కడతాను.

20 నిమిషాలు దాటినట్టుంది, కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు.